ఫైళ్ల దగ్గర తొందరపడకు

చిన్నీ,

ఇంట్లోనే పాడి రికార్డు చేసి, మిక్సింగుకి హైదరాబాదు పంపుతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, వెంటనే దిగులూ పట్టుకుంది. గొంతు గురించి కాదు, ఫైళ్ల దగ్గర నీకుండే తొందర గురించి.

రికార్డింగుకి క్యూబేస్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావట. పాటకో కొత్త ఫోల్డరు పెట్టుకో. బయటి ట్రాక్‌ని లోపలికి తెచ్చే ‘ఇంపోర్ట్’ అనేది ‘ఫైల్’ మెనూలోనే ఉంటుంది, ట్రాక్‌ని లాగి వదిలినా వస్తుంది. అప్పుడు చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది చూడు, అక్కడ ఆగు. చూడకుండా ఓకే నొక్కావో, అయిపోయిందే!

శాంపిల్ రేటంటే ధ్వనిని సెకనుకి ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క. నీ ప్రాజెక్టుది 48 కిలోహెర్ట్జ్, కీబోర్డు అబ్బాయి పంపిన ట్రాక్‌ది 44.1 అనుకో. శాంపిల్ రేటు మార్చమనే గడిలో టిక్కు లేకపోతే, సెకనుకి 44,100 చొప్పున కొలిచినవాటిని క్యూబేస్ 48,000 చొప్పున వాయించేస్తుంది. 4 నిమిషాల పాట 3 నిమిషాల 40 సెకన్లకే ముగుస్తుంది. ఒకటిన్నర శ్రుతిలో కట్టిన ట్రాక్ రెండుకీ రెండున్నరకీ మధ్యకెక్కి, హార్మోనియంలో ఏ మెట్టుకీ కలవకుండా వేలాడుతుంది. టేపు వేగం తప్పితే గొంతు కీచుమని అందరికీ తెలిసిపోయేది. ఇక్కడ గొంతు లేని ట్రాక్ కదా, కాస్త హుషారుగా ఉందనిపిస్తుందంతే. నువ్వేమో దానికే శ్రుతి కలిపి పాడేస్తావు. పై షడ్జమం అందకపోతే గొంతు బాగాలేదనుకుని వేడినీళ్లు తాగి మళ్లీ పాడతావు, నీ సంగతి నాకు తెలీదా!

తప్పు బయటపడేది మిక్సింగులో. అక్కడాయన రేటు మార్చుకునే ఇంపోర్ట్ చేస్తాడు. ట్రాక్ అసలు శ్రుతికి దిగుతుంది, నీ గొంతు పైనే ఉండిపోతుంది. చరణానికల్లా ట్రాక్‌ని వదిలేసి ముందు పరిగెడుతుంది. సాగదీసి కిందికి దించితే అతుకుతుంది గానీ, నీ గొంతులోంచి మీ అమ్మమ్మ పాడుతుంది. మళ్లీ పాడుకోవడమే గతి.

అందుకని మైకు తీయకముందే షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి ప్రాజెక్ట్ సెటప్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టు. ఇంపోర్ట్ అయ్యాక, ఫోన్లో ట్రాక్ ఎంతసేపుందో ఇక్కడా అంతే ఉందా చూడు. ఇంపోర్ట్ కిటికీలో ఫైలుని ప్రాజెక్టులోకి కాపీ చేయమనే టిక్కు కూడా వదలకు. లేదంటే ప్రాజెక్టులో ఫైలుండదు, ఫలానా చోట ఉందన్న గుర్తు మాత్రమే ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఊడ్చేసిన రోజు ట్రాక్ మాయం. ఊడ్చే రకానివే నువ్వు.

పాడినవాటిని ఫైళ్లుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్‌కి ‘ఆడియో మిక్స్‌డౌన్’ అన్నది వాడు. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా తీయాలో చెప్పే గుర్తులు లొకేటర్లు. ఎడమ లొకేటరు ఒకటో బారు (తాళం ఆవృతం) మొదట్లో, కుడిది చివరి మోత పూర్తిగా ఆగాక పెట్టు. సగంలో వచ్చే కోరస్‌ని కూడా మొదటి నుంచే తీయి, ముందు నిశ్శబ్దం ఉంటే ఉండనీ. అన్నీ వేవ్, 24 బిట్. గొంతు మోనో చాలు, నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఎంపీ3 చేస్తే మొదట్లో కాస్త ఖాళీ చేరి తాళం జరుగుతుంది. అన్నీ కలిసి బయటికొచ్చే మాస్టర్ మీద, శబ్దాన్ని హద్దు దాటకుండా నొక్కిపెట్టే లిమిటర్ ఉంటే తీసెయ్, శబ్దం ఎక్కడా మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకు. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు, తెలుగు పేర్లు జిప్ విప్పేసరికి ఒక్కోసారి చెదిరిపోతాయి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగానే పంపు.

పంపేముందు ఆ ఫైళ్లన్నీ ఖాళీ ప్రాజెక్టులోకి తెచ్చి, ఒకటో బారు దగ్గర పెట్టి, చివరిదాకా విను. మొదటి పాట లింకు మాత్రం నాకూ పెట్టు తల్లీ. రాత్రి 11 అయినా మేలుకునే ఉంటాను.

మావయ్య