షుగర్ వస్తే అన్నం పూర్తిగా మానేయాలా? మా ఇంటి అనుభవం

మీ నాన్నగారికి 58వ ఏట షుగర్ బయటపడిందని, అన్నం మాన్పించి రాగులు, కొర్రలు మొదలుపెడదామనుకుంటున్నారని రాశారు. తక్కువ జీఐ (గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే అంకె) ఉన్న ఆహారంతో షుగర్ నిజంగా అదుపులోకి వస్తుందా అని అడిగారు. వస్తుందండి. నాకు వచ్చింది. కాకపోతే మొదటి రెండు నెలల్లో నేను చేసిన పొరపాట్లు మీ ఇంట్లో జరగకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరేళ్ల క్రితం, 46 ఏళ్లప్పుడు, కాలి వేలి పుండు ఎంతకీ మానకపోతే రక్తపరీక్ష చేయించాను. పరగడుపున 186, తిన్నాక 291, హెచ్‌బీఏ1సీ 8.9 (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష ఇది). డాక్టరుగారు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్లలు రాసి, ఆహారం జాగ్రత్త అన్నారు. ఆ రాత్రంతా ఫోన్‌లో జీఐ పట్టికలు చూస్తూ కూర్చున్నాను.

ఆ పట్టికల్లో అంకెలు ఎలా వచ్చాయో అప్పట్లో నాకు తెలియదు. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన పద్ధతి ఇది. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత ఆహారం తినిపించి, రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చూస్తారు. దాన్ని గ్లూకోజ్‌తో పోలుస్తారు. గ్లూకోజ్‌కి 100. 55 లోపు వస్తే తక్కువ, 70 నుంచి పైకి ఎక్కువ. ఆ పదార్థాన్ని ఒక్కదాన్నే, కొలిచి తినిపించి కట్టిన లెక్క అన్నమాట. మన కంచంలో పప్పు, కూర, పెరుగు అన్నీ కలుస్తాయి. పైగా ఎవరూ కొలుచుకుని తినరు.

నా మొదటి పొరపాటు రాగిజావ. రాగులు షుగర్‌కి మంచివని అందరూ చెబితే రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు జావ తాగేదాన్ని. బెల్లం లేదు, పాలు లేవు, ఉప్పు, మజ్జిగ అంతే. మూడు వారాల తర్వాత గ్లూకోమీటర్ కొన్నాను. జావ తాగిన రెండు గంటలకు చూసుకుంటే 238. మీటర్ పాడైందేమోనని మా వారికి కూడా చూశాను, ఆయనకు 112. ఆలోచిస్తే కారణం అర్థమైంది. మెత్తగా పట్టించిన పిండిని నీళ్లలో ఉడికిస్తే అందులోని పిండిపదార్థం పూర్తిగా ఉబ్బిపోతుంది. నమిలే పని ఉండదు, గొంతు దిగీ దిగగానే అరిగిపోతుంది. తర్వాతి వారం అవే రాగులతో ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె చేసుకుని, బీరకాయ కూరతో తిన్నాను. 176 వచ్చింది. పొట్టు తీయని పెసలు నానబెట్టి, బియ్యం కలపకుండా రుబ్బి రెండు పెసరట్లు వేసుకున్న రోజు 149. అదే పెసరట్టు ఉప్మాతో తింటే మళ్లీ 200 దాటింది. ఇవి నా ఒంటి అంకెలు, నాన్నగారికి వేరేగా రావచ్చు. అందుకే మీటర్ తప్పనిసరిగా కొనమంటాను.

ఇక అన్నం. మానేయక్కర్లేదు, కానీ తినే తీరు మారాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. మన భోజనం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పప్పుతో ఒక గరిటె అన్నం, కూరతో ఇంకోటి, చారుతో ఒకటి, పెరుగుతో మరొకటి. కూర తక్కువైతే అన్నం తగ్గించం, ఆవకాయ వేసుకుంటాం. అలా నాలుగు గరిటెలు నాకు తెలియకుండానే లోపలికి వెళ్లేవి. ఇప్పుడు ముందు ఒక కప్పు కూర, అర కప్పు గట్టి పప్పు ఉత్తవే తింటాను. తోటకూర పప్పో, గోరుచిక్కుడో, దొండకాయో ఏదైనా సరే. తర్వాత ఒకటిన్నర గరిటె అన్నం, అది కూడా కూరతో సగం, పెరుగుతో సగం. చారు గ్లాసులో పోసుకుని తాగేస్తాను. ముందుగా పీచు, మాంసకృత్తులు వెళితే వెనక వచ్చే అన్నం నెమ్మదిగా అరుగుతుంది. మొదటి పది రోజులు ఉత్త పప్పు తినడం మా అత్తయ్యకు వింతగా అనిపించింది. ఇప్పుడు ఆవిడా అలాగే తింటున్నారు.

బియ్యం మార్చాలా అని కూడా మీకు సందేహం వస్తుంది. మా బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మా ఇంట్లో ఎప్పటినుంచో వాడుక. రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, జీఐ సుమారు 52 అంటే తెప్పించాను. బాగుంది, కొంత తేడా కనిపించింది. కానీ ఈ లెక్క చూడండి. ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. జీఐ 70 ఉన్న అన్నం ఒక కప్పు తింటే గ్లైసీమిక్ లోడ్ (ఎంత తిన్నామో కూడా కలిపి చూసే లెక్క) 45ని 70తో హెచ్చించి 100తో భాగిస్తే 31.5. జీఐ 52 ఉన్నది ఒక కప్పు తింటే 23. మంచి బియ్యమే కదా అని రెండు కప్పులు తింటే 47. సంచి మీద ‘షుగర్ వాళ్లకు ప్రత్యేకం’ అని చూసి నాన్నగారు ఇంకో గరిటె వేసుకుంటే ఆ బియ్యం కొన్న లాభం అక్కడే పోతుంది. బెల్లం విషయంలో మాత్రం ఎవరు ఏం చెప్పినా వినకండి. అది చక్కెరే.

ఒక్క విషయం దయచేసి జాగ్రత్తగా చదవండి. అన్నం తగ్గించిన మూడో వారంలో, తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా చేతిలో సుద్దముక్క వణికింది. ఒళ్లంతా చెమట, కళ్లు బైర్లు. స్టాఫ్‌రూంకి వెళ్లి చూసుకుంటే 58, చక్కెర మరీ పడిపోయింది. తోటి టీచరు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించారు. పావుగంటకు 84కి వచ్చింది. తిండి తగ్గించాను కానీ చక్కెరను దించే గ్లిమెపిరైడ్ పాత మోతాదులోనే వేసుకుంటున్నాను, డాక్టరుగారికి చెప్పలేదు. ఆ సాయంత్రం వెళితే ఆ బిళ్ల తీసేశారు. మీ నాన్నగారు గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటివి వేసుకుంటున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా ఆహారం మార్చే ముందే డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపకండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువుంటే పప్పు ఎంత తినొచ్చో కూడా అడగండి.

రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకు మార్చాను. తిన్నాక డాబా మీద పావుగంట నడుస్తాను. ఏడు నెలలకు హెచ్‌బీఏ1సీ 6.7కి దిగింది, ఇప్పటికీ 7 లోపే ఉంది. బంగినపల్లి కాలంలో అర కాయ తింటాను, అది కూడా సాయంత్రం నాలుగింటికి, భోజనం మీద కాదు.

మీరు చేయాల్సిన మొదటి పని చెబుతాను. డాక్టరుతో మాట్లాడండి. ఈ వారం నాన్నగారి కంచంలో ఏమీ మార్చకండి. ఏం తిన్నారు, ఎన్ని గరిటెలు, తినేముందు ఎంత, రెండు గంటల తర్వాత ఎంత అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. వారం అయ్యాక ఏ పూట అంకె ఎక్కువగా ఉందో చూసి ఆ ఒక్క పూటే మార్చండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే, మా ఇంట్లో ఆ పూట ఏం వండుతామో చెబుతాను.