ఈ ఏడాది పోటీ తప్పితే తప్పనీ

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, నీ ఉత్తరం అందింది. కాకతీయుల నాటి మోటుపల్లి రేవు మీద నవల మొదలుపెట్టావని చదివి ఎంత సంతోషించానో! కానీ ఉత్తరంలో సగం బహుమతుల గురించే ఉంది. ఏ పోటీకి పంపాలి, గడువులోగా అవుతుందా అని ఒకటే టెన్షన్ పడుతున్నావు.

బహుమతికి ఆశపడటం తప్పేమీ కాదు. చిలకమర్తి వారి చారిత్రక నవల 'హేమలత'కు 1896లో 'చింతామణి' పత్రిక పోటీలోనే బహుమతి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ మీద బండి నారాయణస్వామి గారు రాసిన 'శప్తభూమి' 2017లో అమెరికా తెలుగువారి సంఘం తానా పెట్టిన పోటీలో గెలిచింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. బ్రిటన్‌లో 2010 నుంచి చారిత్రక నవలకే విడిగా వాల్టర్ స్కాట్ బహుమతి ఇస్తున్నారు. కథలో ఎక్కువ భాగం కనీసం 60 ఏళ్ల కిందట జరిగి ఉండాలని దానికో నియమం. నాకది చాలా నచ్చింది. అంత వెనక్కి వెళ్తే సొంత జ్ఞాపకాలతో పని జరగదు, వెతికి తెలుసుకోవాల్సిందే.

ఆ వెతకడానికే టైం కావాలి. ఒకసారి ఒక పోటీకి వచ్చిన రాతప్రతులు చదివాను. అందులో ఒకటి కాకతీయుల కాలం నవల. యుద్ధానికి వెళ్తున్న భర్తకు భార్య జొన్నరొట్టెలు, ఎండుమిరపకాయలు వేసి నూరిన పల్లీల పచ్చడి మూటగట్టి ఇస్తుంది. ఆ వీడ్కోలు చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి. జొన్నరొట్టె సరే, మరి పచ్చడి? పల్లీ, మిరప రెండూ అమెరికా ఖండం పంటలు. ఐరోపా ఓడలు వచ్చాకే మన నేలకు చేరాయి. కాకతీయుల రాజధాని ఓరుగల్లు అంతకు ఎంతో ముందు, 1323లోనే పడిపోయింది. ఆ తర్వాత ప్రతి పేజీనీ అనుమానంతోనే చదివాను. కవరు మీద తపాలా ముద్ర చూస్తే గడువుకు ముందురోజుది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఆ రచయితే దిద్దుకునేవారు.

నీ చేతిలో కాకతీయ రాజు గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయశాసనం ఉంది, 1244 నాటిది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారట. తాను మాత్రం సుంకం తప్ప అంతా వదిలేస్తానని ఈ రాజు మాట ఇచ్చాడు. ప్రాణం కంటే ధనమే గొప్పదని సముద్రం మీదికి తెగించి వెళ్లేవాళ్లు అంటూ ఆ బేహారుల గురించి చెప్పాడు. ఆ ఒక్క మాటలో నీ నవలంతా ఉందమ్మా! ఓడ విరిగిన రాత్రి ఒడ్డున ఎవరున్నారు? తడిసిన సరుకులో దేన్ని ముందు లాక్కున్నారు? శాసనం చెప్పదు, నువ్వే చెప్పాలి. ఒకసారి మోటుపల్లి వెళ్లి గుడిలో ఆ శాసనస్తంభం చూడు, అక్కణ్ణుంచి సముద్రం దాకా నడువు.

అన్నట్టు, పుస్తకం అచ్చయ్యాక డబ్బు కడితే శాలువా కప్పి అవార్డు ఇస్తామని ఫోన్లు వస్తాయి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

మొదటి మూడు అధ్యాయాలు ప్రింటు తీసి పంపు. అంచుల్లో పెన్సిలుతో రాసి తిప్పి పంపుతాను.