కొండసీమలో కొత్త కంపెనీలు

ప్రశ్న: ఇటలీలోని దక్షిణ టిరోల్‌లో మూడు భాషలవాళ్లు ఉంటారని విన్నాను. అలాంటి కొండ ప్రాంతంలో స్టార్టప్‌లు ఎలా నిలదొక్కుకుంటున్నాయి? మనకు పనికివచ్చేది అందులో ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తప్పకుండా ఉందమ్మా. 2011 లెక్కల ప్రకారం అక్కడ సుమారు 69 శాతం జర్మన్, 26 శాతం ఇటాలియన్, 4.5 శాతం లడీన్ (అక్కడి కొండలోయల్లో మాట్లాడే చిన్న భాష) భాషా వర్గాలవారు. అక్కడి బోల్జానో నగరంలో పాత అల్యూమినియం కర్మాగారం ఉన్న స్థలంలో 2017లో ప్రారంభమైన నోయ్ టెక్‌పార్క్ కొత్త కంపెనీలకు చోటు, ప్రయోగశాలలు, సలహాలు ఒకేచోట అందిస్తోంది.

నన్ను అన్నింటికన్నా ఆకట్టుకున్నది ఆ టెక్‌పార్క్‌లోని టెర్రాఎక్స్‌క్యూబ్ అనే ప్రయోగశాల. దాని గదిలో మైనస్ 40 నుంచి 60 డిగ్రీల వరకు ఉష్ణోగ్రతను, 9,000 మీటర్ల ఎత్తున ఉండేంత పలుచని గాలిని సృష్టించగలరు కాబట్టి, కొండల్లో వాడే పరికరాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ శిఖరం ఎక్కకుండానే దాన్ని పరీక్షించుకోవచ్చు. చలి, ఎత్తు అనే కష్టాలే అక్కడ వ్యాపారానికి పెట్టుబడి అయ్యాయి.

ఇక భాష సంగతి. 1997లో ఏర్పడిన బోల్జానో విశ్వవిద్యాలయం జర్మన్, ఇటాలియన్, ఇంగ్లీషుల్లో బోధిస్తుంది. ఉత్తరాన ఆస్ట్రియాతోనూ, దక్షిణాన మిగతా ఇటలీతోనూ వారి భాషలోనే బేరమాడగల యువత అలా తయారవుతోంది.

మన హైదరాబాదులో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్ 2015 నుంచి పనిచేస్తోంది. అయితే ఆదిలాబాద్ గుట్టల్లో గోండీ, కొలామీ మాట్లాడే యువతకు మంచి ఆలోచన తట్టినా, దాన్ని ఇంగ్లీషులోనే వివరించవలసి వస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారేమోనని నా బెంగ. అటువంటి బృందం మీకు తెలిస్తే, ముందు సొంత భాషలో చెప్పించి, తరువాత తెలుగులోకి, ఇంగ్లీషులోకి మార్చడానికి తోడ్పడండి.