డిస్క్ బల్జ్ సంగతి తర్వాత, ముందు మూత్రం సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 43. పలాసలో జీడి పిక్కల బస్తాలు ఎత్తి దించే పని. నాలుగు నెలలుగా నడుము నొప్పి, ఎడమ కాలు మడమ దాకా లాగుతోంది. మూడు నెలల కిందట తీసిన ఎంఆర్‌ఐలో ‘ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర డిస్క్ బల్జ్, యాన్యులర్ టియర్’ అని రాశారు. ఒక డాక్టరు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు అక్కర్లేదంటున్నారు. విశాఖ వెళ్లి త్రీ టెస్లా (ఎక్కువ అయస్కాంత శక్తి ఉన్న) మిషన్ మీద మళ్లీ తీయిస్తే తేలుతుందా? ఇన్నిసార్లు తీస్తే రేడియేషన్ ప్రమాదమా? రిపోర్టు ఫొటో ఫోన్‌లో ఏఐకి పెడితే డిస్కులు అరిగిపోయాయని చెప్పింది, అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మందుల షాపులో ఇచ్చే ఇంజెక్షన్లు, బిళ్లలతో నొప్పి కొంచెం తగ్గింది కానీ వారం నుంచి కుడి కాలు కూడా తిమ్మిరెక్కుతోంది, మూత్రానికి వెళ్తే మొదలవడానికి టైం పడుతోంది. – ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీరు పది లైన్లు స్కానింగ్ గురించి రాసి, అసలు చెప్పాల్సింది చివర్లో ఒక్క ముక్కలో పడేశారు. రెండో కాలికి కూడా తిమ్మిరి రావడం, మూత్రం మొదలవడానికి ఆలస్యం కావడం. ఇది చదివాక మీ మిగతా ప్రశ్నలు నాకు రెండోసారి చదివితే గానీ గుర్తు రాలేదు.

ఇది చదివిన రోజే, రేపు కాదు, న్యూరో సర్జన్ గానీ వెన్నెముక సర్జన్ గానీ ఉండి, ఎంఆర్‌ఐ సౌకర్యం కూడా ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. మీకు దగ్గర్లో లేకపోతే విశాఖ కేజీహెచ్ ఉంది. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడకుండా, ‘నడుము నొప్పి, రెండు కాళ్లకూ తిమ్మిరి, మూత్రం సరిగా రావడం లేదు’ అని ముందే చెప్పండి. ఆ మాట వింటే వాళ్లకు అర్థమవుతుంది.

ఎందుకింత కంగారంటే, వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రం తోకలా విడివిడిగా వేలాడుతుంటాయి. కాళ్లకు, మూత్రాశయానికి, మలద్వారానికి వెళ్లే నరాలన్నీ ఆ కట్టలోవే. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌లోంచి పెద్ద ముక్క బయటకు జారి ఆ కట్ట మొత్తాన్నీ నొక్కేస్తే కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటాం. అరుదుగా వచ్చేదే, కానీ మూత్రం పూర్తిగా బిగుసుకోకముందే ఒత్తిడి తీసేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ, ఆలస్యమైతే జీవితాంతం గొట్టంతో మూత్రం తీసుకోవాల్సి రావచ్చు. మామూలుగా 48 గంటల్లోపు అని లెక్క చెప్తారు, నేనైతే ఎంత ముందైతే అంత మంచిదంటాను. ఇప్పుడు మీరే చూసుకోవాల్సినవి కొన్ని: తొడల లోపలి వైపు, మలద్వారం చుట్టూ, అంటే సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారిందా? మూత్రం నిండినట్టు తెలుస్తోందా? కాలి మడమ మీద నడవగలుగుతున్నారా? వీటిలో ఏది తేడాగా ఉన్నా ఇంకా తొందరపడాలి. అన్నీ బాగున్నాయని మాత్రం ఇంట్లో కూర్చోకండి, దాన్ని తేల్చాల్సింది మిమ్మల్ని పరీక్ష చేసే డాక్టరు.

అదే అయి ఉంటుందని నేను ఇక్కడ కూర్చుని తేల్చడం లేదు. నరాల నొప్పి బిళ్లల్లో కొన్నింటిలో నార్ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కలిసి ఉంటాయి, వాటితో కూడా మూత్రం మొదలవడం ఆలస్యమవుతుంది. కానీ బిళ్ల వల్లేలే అనుకుని ఊరుకున్నాక అది నరం సమస్య అని తేలితే వెనక్కి తిప్పలేం కదా. చూసే డాక్టరు మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు, కష్టమైన పరీక్ష కాదు.

ఇప్పుడు స్కానింగ్. మళ్లీ ఎంఆర్‌ఐ కావాలి, కానీ మీరడిగిన కారణానికి కాదు. మూడు నెలల కిందటి ఫిల్ము అప్పటి నడుమును చూపిస్తుంది, వారం కిందట మొదలైన తిమ్మిరి గురించి దానికేం తెలుస్తుంది? కొత్తది తీయాలి, అర్జెంటుగా తీయాలి. అది 1.5 టెస్లా మిషన్ అయినా చాలు, త్రీ టెస్లా కోసం తిరుగుతూ రెండు రోజులు పోగొట్టుకోకండి. ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, ఆ భయం సీటీ, ఎక్స్‌రేల దగ్గర. పేస్‌మేకర్ గానీ, కంట్లో ఇనుప రవ్వ పడిన సంగతి గానీ ఉంటే మాత్రం టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి.

బల్జ్ (డిస్క్ ఉబ్బడం), టియర్ (డిస్క్ బయటి పొరలో చీలిక) అన్న మాటలకు అంత బెంగ పడక్కర్లేదు. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్‌ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక లెక్క వేశారు, 40 ఏళ్ల వయసులో సుమారు సగం మందికి డిస్క్ బల్జ్ ఉంది, 68 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. తల నెరవడం లాంటిదే అనుకోండి. మీ ఫోన్‌లోని ఏఐ రిపోర్టులో ఉన్న మాటల్నే తిప్పి చెప్పింది, మీ కాలు పట్టుకుని చూడలేదుగా. రిపోర్టు కూడా చదివే మనిషిని బట్టి మారుతుంది. అమెరికాలో నడుము నొప్పి ఉన్న 63 ఏళ్ల ఒకావిడకు మూడు వారాల్లో పది సెంటర్లలో ఎంఆర్‌ఐ తీయించారు, పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు, అన్నింటిలోనూ ఉన్నది ఒక్కటీ లేదు. నెదర్లాండ్స్‌లో సయాటికా (నడుము నుంచి కాలికి లాగే నరం నొప్పి) రోగులకు ఏడాది తర్వాత మళ్లీ తీసి చూస్తే, బాగైన వాళ్లలో 35 శాతం మందికి, బాగవని వాళ్లలో 33 శాతం మందికి డిస్క్ ఇంకా బయటకు వచ్చే కనిపించింది. మీకిద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడంలో వింత లేదు, ఆపరేషన్ నిర్ణయం మీ కాలి బలం, స్పర్శ, మూత్రం చూసి జరగాలి, ఫిల్ము దానికి తోడు. మూడు నెలల కిందట అక్కర్లేదన్న డాక్టరు అప్పటికి కరెక్టే కావచ్చు.

ఇక ఆ ఇంజెక్షన్లు. కోప్పడుతున్నానని అనుకోకండి, మీరు ఏం వేయించుకున్నారో పేరు కూడా రాయలేదు. మాకు రోజూ ఇదే గొడవ. షాపులోనో ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరో డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది, దాంతోపాటు తెల్ల బిళ్ల ఒకటి, అది చాలాసార్లు స్టెరాయిడ్. రెండు రోజులు హాయిగా ఉంటుంది, బస్తాలు ఎత్తేస్తారు. నొప్పి తగ్గింది కదా అని తిమ్మిరిని పట్టించుకోరు, నరం చచ్చుబడుతున్నప్పుడు కూడా నొప్పి తగ్గినట్టే ఉండొచ్చు. వెన్నులో టీబీ ఉంటే స్టెరాయిడ్ దాన్ని కప్పిపెడుతుంది, మన దగ్గర ఆ జబ్బు తక్కువేం కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పెరిగే నొప్పి ఉంటే అది కూడా చెప్పండి. స్టెరాయిడ్ వారాల తరబడి వేసుకుని ఉంటే ఉన్నట్టుండి మానేయకూడదు, డాక్టరుకు చెప్పి తగ్గించుకుంటూ రావాలి.

పైగా మీది పలాస. మీ చుట్టుపక్కల ఉద్దానంలో ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని ఇప్పటికీ ఒక్కటి తేల్చలేకపోయారు, కానీ నొప్పి బిళ్లలు కిడ్నీకి రక్తం వెళ్లడాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం తెలిసిన విషయమే. ఎండలో చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగకుండా రోజూ ఆ బిళ్లలు వేసుకోవడం అంటే నాకు భయం. నాలుగు నెలల్లో ఒక్కసారైనా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకున్నారా? ఎమర్జెన్సీలో రక్తం తీసినప్పుడు అదీ చూడమని అడగండి. డిస్క్ కోసం చేసే ఎంఆర్‌ఐకి మామూలుగా కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే మందు) అక్కర్లేదు, ఒకవేళ ఇవ్వాలంటే మాత్రం కిడ్నీ రిపోర్టు చూశాకే ఇస్తారు. నొప్పి సూదులు ఈరోజు నుంచే ఆపండి, నొప్పికి ఏం ఇవ్వాలో అక్కడ వాళ్లు చూసుకుంటారు.

బైక్ మీద వెళ్లొద్దు, ఎవరినైనా తోడు తీసుకుని కారులో గానీ 108లో గానీ వెళ్లండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత ఫిల్ములు, సీడీ ఉంటే అదీ పట్టుకెళ్లండి, కొత్తదాని పక్కన పెట్టి చూస్తే ఏం మారిందో తెలుస్తుంది. షాపులో ఇచ్చిన బిళ్లల స్ట్రిప్పులు, సూది మందు సీసాలు కూడా, ఖాళీవైనా సరే.