పక్కింటాయన పిలిచాడు, వెళ్ళిపోయాను

మీరు అడగండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్తే. నాకు 66 ఏళ్ళు. ట్రెజరీ ఆఫీసులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నేనూ మా ఆవిడా అమెరికాలో నాష్‌విల్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. పోయిన శుక్రవారం సాయంత్రం ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. మా ఆవిడ, కోడలు కలిసి మనవరాలిని డాన్స్ క్లాసుకి తీసుకెళ్ళారు. పక్కింటి పెద్దాయన, ఆయనా రిటైరైన మనిషే, తలుపు కొట్టి "గ్రాండ్ ఓల్ ఆప్రీకి ఒక టికెట్ మిగిలిపోయింది, మా తమ్ముడు రాలేకపోయాడు, పది నిమిషాల్లో బయల్దేరుతున్నాను, వస్తారా?" అన్నాడు. ఆప్రీ అంటే ఇక్కడి పల్లెల నుంచి పుట్టిన కంట్రీ పాటల కచేరీ. ఏమనిపించిందో ఏమో, బూట్లు తొడుక్కుని కారెక్కేశాను. జీవితంలో అలా ఉన్నపళంగా దేనికీ వెళ్ళలేదు నేను. పాటల్లో మాటలు సగం కూడా అర్థం కాలేదు. కానీ ఒకాయన బల్లలాంటి వాయిద్యం ముందు కూర్చుని తీగల మీద కడ్డీ జరుపుతూ వాయిస్తుంటే, అమ్మేసిన ఇంటి గురించి ఏదో పాట వస్తుంటే, నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఫోను సైలెంట్‌లో పెట్టాను. బయటికొచ్చి చూస్తే 11 మిస్డ్ కాల్స్. అబ్బాయి "ఈ వయసులో చెప్పాపెట్టకుండా వెళ్ళడమేంటి నాన్నా" అని కేకలేశాడు. మా ఆవిడ అప్పుడేం అనలేదు, రాత్రి పడుకునేముందు మాత్రం "నలభై ఏళ్ళలో నన్ను ఒక్కసారైనా ఇలా ఎక్కడికైనా తీసుకెళ్ళారా" అంది. నేను చేసింది తప్పా? మనది కాని ఆ సంగీతం నన్నెందుకు అంత పట్టుకుంది?

జవాబు: వెళ్ళడం తప్పు కాదండీ. చెప్పకుండా వెళ్ళడం తప్పు. ఈ రెండూ కలిపేసుకుని మీరు బాధపడుతున్నారు, మీ అబ్బాయి కూడా రెండూ కలిపేసే కేకలేసి ఉంటాడు. కొత్త దేశం, ఇంట్లో నాన్న కనపడటం లేదు, ఫోను ఎత్తడం లేదు. ఆ గంటన్నర అతను ఎంత టెన్షన్ పడ్డాడో మీరు ఊహించగలరు, చిన్నప్పుడు అతను స్కూలు నుంచి లేటుగా వచ్చిన రోజున మీరూ పడ్డారు కదా. "పక్కింటాయనతో ఆప్రీకి వెళ్తున్నాను, పదిన్నరకి వస్తాను" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే సరిపోయేది. అది అబ్బాయికి చెప్పండి, ఆ ముక్క వరకు సారీ కూడా చెప్పండి, నామోషీ ఏమీ లేదు. కానీ ఇకనుంచి ఎక్కడికెళ్ళినా అడిగి వెళ్తానని మాత్రం మాటివ్వకండి. చెప్పడం వేరు, అడగడం వేరు. 34 ఏళ్ళు సెలవు చీటీ రాసి, సంతకం పడ్డాక కదిలిన మనిషి మీరు. రిటైరయ్యాక చాలామందికి ఆ సంతకం పెట్టే ఆఫీసరు కొడుకో కూతురో అయిపోతున్నారు, అందులో పిల్లల తప్పు కూడా లేదు, మనమే చీటీ పట్టుకుని వాళ్ళ ముందు నిలబడుతున్నాం.

ఇక సంగీతం సంగతి. మీరు చూసిన ఆ బల్లలాంటి వాయిద్యం పెడల్ స్టీల్ గిటార్. తీగల మీద కడ్డీ జరిపి వాయించే పద్ధతి హవాయి దీవుల నుంచి అమెరికాకి వచ్చింది, తర్వాత దానికి కింద పెడల్స్, మోకాళ్ళతో కదిపే మీటలు తగిలించారు. చెయ్యి జరుపుతూనే కాలితో తీగ బిగువు మారుస్తారు, అందుకే ఒక స్వరం ఇంకో స్వరంలోకి తెగకుండా పాకుతుంది. మన గోటువాద్యం ఎప్పుడైనా దగ్గర కూర్చుని విన్నారా? అందులోనూ మెట్లు ఉండవు, తీగ మీద కడ్డీ జారుతుంది, గమకమంతా ఆ జారడంలోనే ఉంటుంది. మీ చెవికి అది కొత్త చప్పుడేం కాదు, అందుకే మాటలకంటే ముందు మీకు అందింది. ఫిడేలు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మన కచేరీ వయొలినే, మనం కింద కూర్చుని పాదం మీద ఆనించుకుంటాం, వాళ్ళు నిలబడి భుజానికి ఆనిస్తారు. బాంజో అయితే ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు ఇక్కడ చేసుకున్న వాయిద్యం. మొదట్లో అది ఎండిన సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసినదే. మన తత్వాలు పాడేవాళ్ళ చేతిలో తంబురా బుర్ర గుర్తొస్తుంది నాకు.

మాటలు సగం కూడా అర్థం కాలేదన్నారు. అర్థమైన ఆ కాస్తా చాలండీ. ఈ కంట్రీ పాటలన్నీ కథలు. ఇల్లు వదిలి వెళ్ళినవాడు, పోయిన అమ్మ, రైలు, అప్పు, తాగుడు, తిరిగొచ్చిన మొగుడు, రాని మొగుడు. 1927 వేసవిలో టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ ఊళ్ళో రాల్ఫ్ పియర్ అనే ఆయన రికార్డింగ్ యంత్రం పెట్టి చుట్టుపక్కల కొండల్లో పాడేవాళ్ళని రమ్మన్నాడు. అప్పుడొచ్చిన వాళ్ళలో జిమ్మీ రాడ్జర్స్ ఒకడు, రైళ్ళలో బ్రేకులు చూసుకునే బ్రేక్‌మన్‌గా పనిచేసినవాడు, క్షయతో 35 ఏళ్ళకే పోయాడు. అప్పుడే ఇంటిల్లిపాదీ కలిసి పాడే కార్టర్ కుటుంబం కూడా వచ్చింది. ఆ ఇంటి పెద్ద ఏ.పి. కార్టర్ తర్వాత్తర్వాత ఇల్లిల్లూ తిరిగి పాత పాటలు పోగేసేవాడు, ఆయన వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెళ్ళేవాడు. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ వరస గుర్తుపెట్టుకునేవాడు. మన దగ్గర జానపదాలు పోగేసినవాళ్ళు చేసిన పని కూడా ఇదే కదా. పొలాల్లో, ఇళ్ళలో మామూలు మనుషులు పాడుకున్నదాన్ని మీరు ఆ రాత్రి విన్నారు, అందుకే ట్రెజరీ ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి కూడా అమ్మేసిన ఇల్లు కళ్ళముందుకొచ్చింది. అది మీ ఇల్లేనని నాకనిపిస్తోంది, మీరు రాయకపోయినా.

మీరు వెళ్ళిన చోటు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే అది మామూలు హాలు కాదు. ఆప్రీ 1925 నవంబరు 28న డబ్ల్యూఎస్ఎం అనే రేడియో స్టేషన్లో మొదలైన కార్యక్రమం, ఇప్పటికీ రేడియోలో వస్తూనే ఉంది. ఒక పక్కన అనౌన్సరు నిలబడి మధ్యమధ్యలో ప్రకటనలు చదువుతుంటే మీకు వింతగా అనిపించి ఉంటుంది, అది అందుకే. ఒక్కొక్కరూ రెండు మూడు పాటలు పాడి వెళ్ళిపోతారు, ఒక్కరికోసమే టికెట్ కొన్నవాళ్ళకి అది కొరతేమో గానీ, మొదటిసారి వినేవాళ్ళకి అంతకంటే మంచి పద్ధతి లేదు. 1943 నుంచి 1974 దాకా ఇది ఊరి మధ్యలో ఉన్న రైమన్ ఆడిటోరియంలో జరిగింది. 1974లో కొత్త హాలుకి మారేటప్పుడు రైమన్ స్టేజి నుంచి ఆరడుగుల గుండ్రటి చెక్క కోసి తెచ్చి కొత్త స్టేజి మధ్యలో అమర్చారు. పాడేవాళ్ళు మైకు ముందు నిలబడే చోట నేల రంగు తేడాగా కనిపించిందా? అదే. 2010 మే నెలలో కంబర్లాండ్ నదికి వరదొచ్చి స్టేజి మునిగిపోతే ఆ చెక్కని తీసి, ఆరబెట్టి, బాగుచేసి మళ్ళీ అక్కడే పెట్టారు. గడప మార్చినా పాత గడప చెక్క ఒకటి ఇంట్లో దాచుకునేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

నేనూ ఒకసారి అలాగే వెళ్ళాను. రిటైరైన రెండో ఏడు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, రైమన్ ముందు నుంచి నడుస్తూ ఊరికే టికెట్ కిటికీ దగ్గర అడిగితే రెండు సీట్లున్నాయన్నారు. మా అమ్మాయి "ఇప్పుడా అమ్మా?" అంది, ఇప్పుడే అన్నాను. ఆ భవనం 1892లో ప్రార్థనల కోసం కట్టినది, లోపల ఇంకా చర్చి బల్లలే. బల్ల పొడుగునా ఒకే చెక్క కాబట్టి, అటు చివర కూర్చున్న పెద్దావిడ వేళ్ళతో తాళం వేస్తుంటే ఆ దరువు నా చేతికి తగులుతూనే ఉంది. ఎవరు పాడారో ఇప్పుడు గుర్తులేదు. ఆవిడ తాళం గుర్తుంది.

చివరిగా మీ ఆవిడ మాట. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే, మీరు దాన్ని అబ్బాయి కేకల పక్కన ఒక ఫిర్యాదులాగా రాశారు. ఆవిడ మీరెందుకు వెళ్ళారని అడగలేదు. నన్నెందుకు ఎప్పుడూ తీసుకెళ్ళలేదు అని అడిగింది. దానికి జవాబు మాటల్లో చెప్పకండి. ఈ వారంలో ఒకరోజు మధ్యాహ్నం నాలుగింటికి "చీర మార్చుకో, బయల్దేరుదాం" అనండి. ఎక్కడికని అడిగితే కారెక్కాక చెప్పండి. అబ్బాయికి మెసేజ్ మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న: నేను నర్సుగా పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను, డాలస్‌లో మా అమ్మాయి దగ్గరే ఉంటాను. పేషెంట్ల గదుల్లో టీవీలో వినీ వినీ నాకు కంట్రీ పాటలు ఇష్టమయ్యాయి, ఒక్కసారి ఎదురుగా వినాలని ఉంది. ముందే ప్లాన్ చేస్తే ఏదో ఒక పని అడ్డొస్తోంది. అప్పటికప్పుడు వెళ్ళాలంటే టికెట్లు దొరుకుతాయా? ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, చెవిలో కూడా కొంచెం హోరు ఉంది.

జవాబు: దొరుకుతాయమ్మా. పెద్ద స్టార్ అయితే కష్టం, అలాంటివాటికి చివరి రోజున ధర దిగదు. కానీ మామూలు రోజుల్లో మిగిలిపోయిన సీట్లకి, తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర షో దగ్గరపడేకొద్దీ ధర తగ్గడం చాలాసార్లు జరుగుతుంది, ఎందుకంటే షో మొదలయ్యాక ఆ టికెట్ చిత్తుకాగితమే. 2025 మే 12 నుంచి అమెరికాలో కచేరీ టికెట్లకి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరనే ముందు చూపించాలని రూల్ వచ్చింది కాబట్టి, చివర్లో పెరిగే అంకెకి భయపడక్కర్లేదు. దగ్గర్లో ఉంటే హాలు దగ్గరే టికెట్ కిటికీలో అడగండి. టికెట్ ఈమధ్య ఫోన్లోనే వస్తోంది, చాలాచోట్ల బార్‌కోడ్ మారుతూ ఉంటుంది గనక స్క్రీన్‌షాట్ పనిచెయ్యకపోవచ్చు, ఫోను ఛార్జింగ్ నిండుగా పెట్టుకుని వెళ్ళండి. పెద్ద హ్యాండ్‌బ్యాగులు చాలా హాళ్ళలో రానివ్వరు, చిన్నదో, లోపలివి కనిపించే ప్లాస్టిక్ సంచో పట్టుకెళ్ళండి.

మోకాలికి: మెట్లెక్కలేనివాళ్ళకి వేరే సీట్లు ఉంచాలని ఇక్కడి చట్టం, పక్కనే మీతో వచ్చినవాళ్ళకి ముగ్గురి దాకా సీట్లివ్వడానికి కూడా అందులో వీలుంది. అడగడానికి మొహమాటపడకండి, ఇన్నేళ్ళు మీరు పేషెంట్లని "అడగండి, మొహమాటం వద్దు" అనే ఉంటారు. టికెట్ మీద 'జనరల్ అడ్మిషన్' అని ఉంటే జాగ్రత్త, సీటు నంబరు ఉండదు, చాలాచోట్ల నిలబడాల్సిందే. మీకు దగ్గర్లో ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో బిల్లీ బాబ్స్ టెక్సస్ అనే హాలు ఉంది, 1981లో మొదలైంది, జంటలు లేచి డాన్స్ చేసే చోటు. అలాంటి దానికైతే నంబరున్న సీటే తీసుకోండి, నడవ పక్కన.

చెవి సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి ఎనిమిది గంటలు మించకూడదనీ, అక్కణ్ణుంచి మూడేసి డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి తగ్గించాలనీ అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ చెప్తుంది. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. పెద్ద హాళ్ళలో చప్పుడు ఆ 100 దాటడం మామూలే. చెవిలో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్, అందులోనూ సంగీతం వినడానికని అమ్మేవి, మాట చెడకుండా చప్పుడు మాత్రం తగ్గిస్తాయి. ఒక జత ఇప్పుడే కొని పర్సులో పడెయ్యండి. అప్పటికప్పుడు వెళ్ళాలంటే అదొక్కటే ముందుగా చెయ్యాల్సిన పని. స్పీకర్లకి ఎదురుగా మాత్రం కూర్చోకండి.

ప్రశ్న: మా వారూ నేనూ వచ్చే నెల నాష్‌విల్ వెళ్తున్నాం, ఇద్దరం మందు ముట్టం. బ్రాడ్‌వే వీధిలో పాటలన్నీ బార్లలోనేనట. మాలాంటివాళ్ళు వెళ్ళొచ్చా?

జవాబు: శుభ్రంగా వెళ్ళండి. మధ్యాహ్నం వెళ్తే ఇంకా మంచిది, జనం పలచగా ఉంటారు, కూర్చోవడానికి చోటుంటుంది. ఒక సోడానో నిమ్మరసమో తీసుకుంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. పాస్‌పోర్టో ఏదో ఒక గుర్తింపు కార్డో దగ్గర ఉంచుకోండి, తల నెరిసినా తలుపు దగ్గర అడగొచ్చు. చాలావాటికి లోపలికి వెళ్ళడానికి డబ్బు తీసుకోరు. అందుకే అక్కడ వాయించేవాళ్ళ రాబడి ఎక్కువగా టిప్పులే, స్టేజి ముందు బకెట్టో జాడీయో ఉంటుంది. పాత కాలం పద్ధతి పాటలు కావాలంటే రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ అనే బార్‌లో కూర్చోండి. రెండు మూడు పాటలు విని లేచేటప్పుడు అయిదు డాలర్లో పదో మీ చేత్తోనే జాడీలో వెయ్యండి, వేస్తూ ఆ ఫిడేలు వాయించే పిల్లాడి కళ్ళలోకి చూసి బాగుందని తల ఊపండి. అది వాళ్ళకి బాగా తెలుస్తుంది.