ప్రశ్నలు – జవాబులు: ఆఫీసు తరలివస్తే ఉద్యోగం వచ్చినట్టేనా?

ప్రశ్న: రాజధానిలోని శాఖాధిపతుల కార్యాలయాలు కొన్నింటిని రాయలసీమ జిల్లాలకు తరలిస్తే ఇక్కడి నిరుద్యోగులకు ఉద్యోగాలు దొరుకుతాయని మా ఊళ్లో చాలామంది నమ్ముతున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: కొంత నిజం ఉంది గాని, మీవాళ్లు అనుకుంటున్న చోట లేదు. కార్యాలయం తరలివచ్చినప్పుడు దానితో వచ్చేది ఖాళీ పోస్టు కాదు, ఆ పోస్టులో అప్పటికే జీతం తీసుకుంటున్న ఉద్యోగి. ఆయన పదవీ విరమణ చేసేదాకా ఆ కుర్చీ ఖాళీ కాదు. ఇందుకు ఉదాహరణ మీ ఊళ్లోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు నంద్యాల జిల్లా కేంద్రమైంది. కానీ కొత్త కార్యాలయాల్లో కూర్చున్న సిబ్బందిలో అత్యధికులు పాత జిల్లాల నుంచి సర్దుబాటు చేసినవారే. ఊరికి కొత్తగా దక్కిందల్లా అద్దె ఇళ్లకు గిరాకీ, కలెక్టరేటు చుట్టూ జిరాక్సు షాపులు, టీ బంకులు, మెస్సులు. వాటి మీద బతికే కుటుంబాలకు అదీ చిన్న విషయమేమీ కాదు.

ఖాళీ ఏర్పడిన తరువాత కూడా ఒక చిక్కు ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా, జోనల్ (కొన్ని జిల్లాలను కలిపిన జోన్ స్థాయి) పోస్టుల్లో స్థానికులకు రిజర్వేషన్ కల్పించింది గాని, సచివాలయాన్నీ శాఖాధిపతుల కార్యాలయాలనూ 14వ పేరాలో ఆ పరిధి నుంచి తప్పించింది. అవి రాష్ట్రమంతటికీ చెందిన కార్యాలయాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. ఆ లెక్కన డైరెక్టరేటు, అంటే శాఖాధిపతి కార్యాలయం, నంద్యాలకు వచ్చినంత మాత్రాన అందులోని పోస్టు నంద్యాలది అయిపోదు. శ్రీకాకుళం అభ్యర్థికి దాని మీద ఎంత హక్కు ఉంటుందో మీ ఊరి అభ్యర్థికీ అంతే. కార్యాలయం కావాలని వినతిపత్రం ఇచ్చేవారు, అందులోని పోస్టులు ఏ కేడర్ (జిల్లా, జోనల్, రాష్ట్ర స్థాయి) కిందికి వస్తాయో కూడా అదే కాగితంలో అడగడం మంచిది. సాధారణంగా ఎవరూ అడగరు.

ప్రశ్న: కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆ ఊరికి ఒరిగిందేమిటి?
– మరొక పాఠకుడు, ఆదోని

జవాబు: 1953 అక్టోబర్ 1 నుంచి 1956 నవంబర్ 1 వరకు, మూడేళ్లకు పైగా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. భవనాలు చాలక చాలా కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. హైకోర్టు గుంటూరులో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే అన్నీ హైదరాబాదుకు తరలిపోయాయి. గుడారాల్లో వచ్చిన రాజధాని వెళ్లేటప్పుడు కూడా అంత తేలికగానే వెళ్లిపోయింది.

ప్రశ్న: మా వారు సచివాలయ ఉద్యోగి. 2016లో వెలగపూడికి వెళ్లారు. పిల్లల చదువుల కోసం నేను హైదరాబాదులోనే ఉండిపోయాను. ప్రభుత్వం ఎన్ని వసతులు ఇచ్చినా ఉద్యోగులు కదలరని బంధువులు ఎత్తిపొడుస్తుంటారు. మాది మొండితనమేనా?
– ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: కాదమ్మా. హైదరాబాదు పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంటుందని 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం చెప్పింది. ఆ గడువును నమ్ముకుని బడిలో పిల్లలను చేర్చినవారికి రెండేళ్లకే బయలుదేరమన్న కబురు వచ్చింది. పైగా 1975 ఉత్తర్వు ప్రకారం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే విద్యార్థి అక్కడి స్థానికుడు. తరలివెళ్లిన కుటుంబాల పిల్లలు స్థానికత కోల్పోకుండా 2016లో సవరణ తెచ్చి, మొదట మూడేళ్ల గడువు పెట్టి, తరువాత పొడిగించుకుంటూ పోయారు. గడువు ఎప్పుడు ముగుస్తుందో, మళ్లీ ఎప్పుడు పెరుగుతుందో తెలియనప్పుడు ఏ తల్లి అయినా తొమ్మిదో తరగతి పిల్లవాడిని మధ్యలో బడి మాన్పించడానికి వెనుకాడుతుంది.

వారానికి ఐదు రోజుల పని అన్న వెసులుబాటు ఉద్యోగులకు మేలు చేసిన మాట నిజమే. అయితే నా ఉద్దేశంలో అదే శుక్రవారాన్ని ప్రయాణపు రోజుగా మార్చింది. సాయంత్రమయ్యేసరికి బల్ల కింద సర్దిపెట్టిన బ్యాగులు, గోడ గడియారం మీద చూపులు, విజయవాడలో సికింద్రాబాదు బండి అందుకోవాలన్న ఆదుర్దా. సోమవారం పొద్దున మళ్లీ అవే బ్యాగులు. సరుకులు, ఫీజులు, ఇంటి వాయిదా అన్నీ హైదరాబాదులోనే కట్టినప్పుడు ఆ జీతం వల్ల వెలగపూడి బజారుకు మిగిలేది మధ్యాహ్నం భోజనం డబ్బులే.

ఇది మనవాళ్లకు మాత్రమే ఉన్న జబ్బు అని మీ బంధువులు అనుకుంటే బ్రిటన్ సంగతి చెప్పండి. లండన్ నుంచి, ఆగ్నేయ ఇంగ్లాండు నుంచి సుమారు 20,000 పోస్టులను బయటికి పంపాలని 2004లో అక్కడి ప్రభుత్వం కోరిన లయన్స్ సమీక్ష సూచించింది. అందులో భాగంగా జాతీయ గణాంక కార్యాలయం పనిని వేల్స్‌లోని న్యూపోర్టుకు మార్చినప్పుడు లండన్ సిబ్బందిలో 90 శాతం మంది వెళ్లనే లేదు. జాతీయాదాయం లెక్కలు కట్టడంలో ఏళ్ల తరబడి ఆరితేరినవారు ఉద్యోగం వదులుకున్నారు గాని ఇల్లు మారలేదు. ఆ నేర్పు పోయి లెక్కల నాణ్యత దెబ్బతిన్నదని 2016లో ఆర్థికవేత్త చార్లెస్ బీన్ సమీక్ష తేల్చింది. మీ వారు ఉద్యోగం వదలకుండా, ఇల్లు మార్చకుండా, ప్రతి వారం రైలెక్కారు. ఈసారి ఎవరైనా ఎత్తిపొడిస్తే ఇన్నేళ్ల టికెట్ల ఖర్చు ఎంతయిందో లెక్కవేసి చూపించండి.