ఆ 'బ' ఎక్కడికి పోయింది?

అమ్మలూ,

జర్మన్ ఇంటిపేర్ల మీద పరిశోధనకు లైప్జిగ్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోను పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చుండిపోయాను. మన ఇంట్లో ఇంకొకరికి మాటల పిచ్చి పట్టిందని సంతోషం. నేను పడ్డ గోతిలోనే నువ్వూ పడతావేమోనని భయం.

'బావర్'తో మొదలుపెడతావట. మంచిదే. చర్చి రిజిస్టర్లు కుర్రెంట్ అనే పాత చేతిరాతలో ఉంటాయి, వెళ్ళేలోపే చదవడం నేర్చుకో.

ఇప్పుడు బావర్ అంటే రైతు. పాత జర్మన్‌లో ఆ మాట 'గిబూరో'. 'బూర్' అంటే ఇల్లు, 'గి' అంటే తోడి. ఒకే చోట కాపురముండే తోటివాడన్నమాట. దానికి 'దగ్గర' అనే మాట చేరితే జర్మన్ నాఖ్‌బార్, ఇంగ్లీషు నైబర్. గెబావర్ అనే ఇంటిపేరులో ఆ 'గి' ఇంకా బతికే ఉంది. నోయ్‌బావర్ అన్నా నీబూర్ అన్నా కొత్త రైతే, రెండోది ఉత్తరాది పలుకుబడి. డచ్చివాళ్ళ 'బూర్' కూడా రైతే. ఇంగ్లీషులోకి వెళ్ళాకే అది మొరటువాడన్న తిట్టయింది. ఆ పేరున్నవాళ్ళ ముందు ఆ అర్థం ఎత్తావంటే ఊరుకోను. అది వాళ్ళ తాతల పేరు.

ఇక నా సంగతి. జర్మనీలో ఉన్న రోజుల్లో ఒక ఉగాది సభలో మైకు పట్టుకుని, ఈ 'బూర్', మన 'ఊరు' ఒకటేనని ప్రకటించాను. చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి ఒక జర్మన్ పెద్దాయన లేచి, "ఆ 'బ' ఎక్కడికి పోయింది? ఇంకే మాటల్లో అలా పోయింది?" అని నెమ్మదిగా అడిగారు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేకపోయాను. జర్మన్, సంస్కృతం ఒక కుటుంబం, తెలుగుది వేరే కుటుంబం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లోనే రాశాడు. తమిళంలో ఊర్, కన్నడంలో ఊరు, మన చుట్టాలు మన పక్కనే ఉంటే నేను డచ్చివాళ్ళ గుమ్మం ముందు వెతికాను.

మరుసటి ఆదివారం ఆయనే నన్ను ఇంటికి పిలిచారు. వంటింటి బల్ల మీద నోటుబుక్కు తెరిచి, సంస్కృతం 'భ్రాత' ఎదురుగా జర్మన్ 'బ్రూడర్' రాశారు. సంస్కృతంలో 'భ' ఉన్నచోట అక్కడ 'బ' వస్తుంది, ఒక్క మాటలో కాదు, వరసగా. జర్మన్ భాషావేత్త గ్రిమ్ 1822లో సూత్రంగా పెట్టింది ఇలాంటి వరసలనే. ఆ లెక్కన 'బూర్'కు నిజమైన బంధువు సంస్కృత ధాతువు 'భూ'. మనం అరువు తెచ్చుకున్న భూమి, భవనం దాని పిల్లలే. అంటే నేను వెతికిన చుట్టరికం ఉంది, కానీ అది మనకు సంస్కృతం ఇచ్చిన మాటల్లో ఉంది. ఊరు మాత్రం మన సొంతం.

చాలా ఆదివారాలు వెళ్ళాను. చివరికి ఆ నోటుబుక్కు నాకే ఇచ్చేశారు. మీ అమ్మతో పంపుతున్నాను. కాగితాలు పెళుసెక్కాయి, మెల్లగా తిప్పు తల్లీ. చివరి పది పేజీలూ ఖాళీగానే ఉన్నాయి. అక్కడ చలి ఎక్కువ, చెవులు కప్పుకో.

మీ మావయ్య